కర్షకుల ఒడలినొప్పులు – నొప్పిబిళ్ళల అప్పు

ఎద్దు కుంటినచో రైతు నాగలి విప్పును. గిట్టలో ముల్లు విరిగినదో, కాడి రాచి మెడ పుండైనదో, గాలికుంటు తగిలినదో పరికించి చూచును. కారణము తెలిసిన పిమ్మట చికిత్స చేయించి, నయమగువరకు దానిని కాడి క్రిందికి తేడు. పశువు విషయమున నింత జాగరూకత గల రైతు తన యొడలి విషయమున మాత్రము వేరొక రీతిగా ప్రవర్తించుచున్నాడు. నడుము నొచ్చినను, మోకాలు పట్టినను, తల పగిలిపోవుచున్నను కారణ మారయడు. అంగడికి పోయి ఒక నొప్పిబిళ్ళ కొని మ్రింగి, మరల పార చేతబట్టును.

వేగావతీ సువర్ణముఖీ నదుల పరిసరములందు, బొబ్బిలి చుట్టుపట్టుల వరి, చెరకు, మొక్కజొన్న, ప్రత్తి పండించు కుటుంబములలో ఒడలినొప్పి యెరుగని యిల్లు అరుదు. ఆషాఢ శ్రావణములందు ఉభాల పనిలో స్త్రీలు ప్రొద్దు పొడిచినది మొదలు మోకాటిలోతు బురదలో నడుము వంచి నిలువవలెను. పంట చేతికి వచ్చిన తరువాత మోపులు మోయుట, నూర్పులు, బస్తాలెత్తుట, చెరకు నరకుట తప్పవు. వేసవిలో మామిడితోటల పని గలదు. ఈ శ్రమవలన కలుగు నొప్పులలో హెచ్చుభాగము ప్రాణాపాయకరములు కావు. వానిని పోగొట్టుకొనుటకు మన మవలంబించిన మార్గమే అపాయకరమైనది. ఏ నొప్పిని ఇంటియొద్దనే కుదుర్చుకొనవచ్చునో, దేనికి తక్షణమే వైద్యుని యొద్దకు పోవలెనో, నొప్పిబిళ్ళ లోపల నేమి చేయునో మన సభ్యులు తెలిసికొనుట మేలని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

నొప్పిబిళ్ళ చేయు పని

డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ మొదలగు పేర్లతో అమ్ముడగు బిళ్ళలన్నియు ఒకే జాతివి. అట్టమీది పేరు వేరైనను, బిళ్ళ రంగు వేరైనను, చేయు పని యొక్కటే. ఒడలికి దెబ్బ తగిలినచోట వాపును, నొప్పిని పుట్టించు కొన్ని పదార్థములను శరీరము తయారుచేయును. ఈ బిళ్ళలు ఆ తయారీని అడ్డగించును, నొప్పి తగ్గును. కాని ఆ పదార్థములకు వేరు పనులును గలవు. కడుపులోని పొరను ఆమ్లమునుండి కాపాడునవి అవియే. మూత్రపిండములకు రక్తము చాలినంతగా పారునట్లు చూచునవియు అవియే. నొప్పితో బాటు ఈ రెండు కాపుదలలును పోవును.

దీనిని మన చెరువు మదుముతో పోల్చి చూడవచ్చును. చెరువు నిండుగా నున్నప్పుడు మదుము కొంచెము తెరచినను పొలమునకు నీరు చాలును. చెరువు తగ్గినప్పుడు మదుము పూర్తిగా నెత్తవలెను. మన శరీరమును అట్లే చేయును. ఎండలో చెమట కారి, నీరు త్రాగక, రక్తములోని నీరు తగ్గినప్పుడు, మూత్రపిండములకు పోవు సన్నని నాళములను అది వెడల్పుచేసి వానిని రక్షించును. సరిగా ఆ సమయమున నొప్పిబిళ్ళ పడినచో మదుము మూసినట్లగును. చెరువున నీరు తక్కువ, మదుము మూత. ఇక మడి యెండక యేమి చేయును? కావున ఎండలో పాటుపడి వచ్చి, దాహము తీరకమునుపే నొప్పిబిళ్ళ వేసికొనుట అన్నిటికంటె చెడ్డ యలవాటు.

ఆరోగ్యవంతుడు వైద్యుడు చెప్పిన ప్రకారము రెండుమూడు దినములు వాడినంతమాత్రమున సాధారణముగా హాని కలుగదు. నెలలతరబడి, దినమునకొకటి రెండు చొప్పున, కాఫీ త్రాగినట్లు మ్రింగుటయే హానికరము. రక్తపుపోటు, చక్కెరవ్యాధి, మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు, కడుపులో పుండు గలవారును, గర్భవతులును, వృద్ధులును, వాంతులు విరేచనములతో నున్నవారును వైద్యుని యనుమతి లేనిదే వీనిని తాకరాదు. ఈ బిళ్ళలు వాడువారికి మలము తారువలె నల్లగా వచ్చినచో కడుపులో రక్తము కారుచున్నదని గ్రహించి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రాబందులు నేర్పిన పాఠము

పశువులు గలవారెల్లరు ఎరుగదగిన సంగతి యొకటి గలదు. ఒకప్పుడు పశుకళేబరము పడినచోట రాబందులు గుంపులుగా వ్రాలెడివి. 1990వ దశాబ్దమునుండి అవి మన దేశమున దాదాపు అంతరించిపోయినవి. కారణమేమో చాలకాలము తెలియలేదు. 2004వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు దానిని వెల్లడించిరి. నొప్పికిని, జ్వరమునకును పశువులకు డైక్లోఫినాక్ మందు ఇచ్చుచుండిరి. ఆ మందు ఒంట నుండగా చచ్చిన పశువు మాంసమును తినిన రాబందుల మూత్రపిండములు చెడి, అవి కొలది దినములలోనే చచ్చుచుండెను. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందు వాడుటను నిషేధించినది. 2023లో ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్ అను మరి రెండు మందులను గూడ పశువులకు నిషేధించినది.

మనుష్యుని మూత్రపిండము రాబందు మూత్రపిండమంత సుకుమారమైనది కాదు. కావుననే మనకు ఒక బిళ్ళతో మరణము రాదు. అయినను ఆ మందు మూత్రపిండముపై పనిచేయునది యను మాట నిజమే. పశువునకు ఇచ్చుటకే యింత యాలోచించిన మందును ఆలోచన లేక మనము మ్రింగుట తగునా?

ఉద్దానము

శ్రీకాకుళము జిల్లాకు ఈశాన్యభాగమున కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో చూడముచ్చటగా నుండు ప్రాంతమునకు ఉద్దానమని పేరు. ఆ పచ్చనినేలలో మూత్రపిండముల వ్యాధి ఊరూర ప్రవేశించి కుటుంబములను కూల్చినది. చక్కెరవ్యాధి గాని, రక్తపుపోటు గాని లేని కూలివారికిని, రైతులకును నడివయస్సులోనే ఈ వ్యాధి వచ్చుట అచ్చటి విశేషము. పలాసలో 200 పడకల మూత్రపిండ వైద్యశాలను, పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభించిరి. దీనికి కారణ మొక్కటే యని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పలేదు. ఎండలో శ్రమ, నీరు చాలకుండుట, త్రాగునీటిలోని పదార్థములు, నొప్పిబిళ్ళల వాడుక మొదలగు పెక్కు విషయములను పరిశీలించుచున్నారు.

బొబ్బిలివారికి ఉద్దానముతో నేమి పని యని తలపరాదు. ఎండ యొక్కటే, పని యొక్కటే, అంగడిలోని బిళ్ళయు నొక్కటే. మూత్రపిండము చాలభాగము చెడువరకు నొప్పి లేదు, గుర్తు లేదు. తుదకు పాదములు వాచి, ఆకలి చచ్చి, ఆయాసము కలిగిన పిమ్మట వైద్యుని యొద్దకు పోయినచో, వారమునకు రెండుమూడు సార్లు యంత్రముతో రక్తము శుభ్రపరచుకొనుటయే గతియగును. దానికై పట్టణమునకు పోవు దినములు కూలి లేని దినములు. వెంట పోవు కుటుంబసభ్యునకును కూలి లేదు. నేల తాకట్టు పడును.

మన సహకారోద్యమము దేనికొరకు పుట్టినది? 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల శాసనము మొదలు నేటివరకు దాని ముఖ్యోద్దేశము రైతును వడ్డీవ్యాపారినుండి తప్పించుటయే గదా. నొప్పిబిళ్ళ కూడ నొక వడ్డీవ్యాపారియే. అడిగినంతనే యిచ్చును, పత్రము కోరదు, ఆ పూటకు అక్కర తీర్చును. వడ్డీ మాత్రము లోలోపల పెరుగుచుండును. అసలుతో గూడ వసూలుచేయు దినమున తీర్చుటకు మన చేత నేమియు నుండదు.

నొప్పికి మందే వలదని మా యభిప్రాయము కాదు. శ్రమవలని నొప్పికిని, జ్వరమునకును పెద్దవారికి పారాసిటమాల్ బిళ్ళ వీనికంటె క్షేమకరమైనది. 500 మిల్లీగ్రాముల బిళ్ళ యొకటి గాని రెండు గాని ఆరుగంటల వ్యవధితో వాడవచ్చును. 650 మిల్లీగ్రాములదైనచో ఒక్కొక్కటి చొప్పున దినమునకు నాలుగింటికి మించరాదు. మోతాదు మించినచో కాలేయము చెడును. సారా త్రాగువారును, కాలేయపు జబ్బు గలవారును ముందుగా వైద్యునడుగవలెను. కొన్ని కలగలుపు బిళ్ళలలో పారాసిటమాలును, నొప్పిబిళ్ళయు రెండును గలసియుండును. కావున అట్టమీది యక్షరములను చదువుకొన్న పిల్లవానిచేతనైనను చదివించుకొని కొనుడు. మోకాలు, మణికట్టు వంటి కీళ్ళకు పైన రాయు పూతమందులు కడుపులోనికి మ్రింగుదానికంటె మేలు.

పేరులేని పొట్లములను, గంటలో నడిపింతుమను సూదిమందులను నమ్మరాదు. అట్టివానిలో స్టిరాయిడు మందు కలపుట గలదు. దానివలన తాత్కాలికముగా ఒడలు తేలికయైనట్లుండును. కొంతకాలమునకు ముఖము ఉబ్బును, ఎముకలు గుల్లబారును, చక్కెరవ్యాధి బయటపడును.

నడుమునొప్పి

శ్రమవలన వచ్చు నడుమునొప్పి సాధారణముగా కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. పూర్వము వైద్యులు దీర్ఘకాలము పడుకొనియుండుడని చెప్పెడివారు. ఇప్పుడట్లు చెప్పుట లేదు. నొప్పి తీవ్రముగా నున్న ఒకటి రెండు దినములు విశ్రమించి, పిమ్మట మెల్లగా నడచుచు, తేలికపనులు చేసికొనుచుండుటయే మేలు. కదలని నడుము మరింత బిగిసికొనును. తవుడు గాని, ఉప్పు గాని, ఇసుక గాని వేచి మూటకట్టి ఓర్చుకొనగల వేడితో కాపడము పెట్టుట, వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానము చేయుట మన పెద్దలెరిగిన ఉపాయములే. వేడివలన బిగిసిన కండరము సడలును; దీనివలన ఏ హానియు లేదు. బెణికి అప్పుడే వాచినచోట మాత్రము మొదటి రెండు దినములు వేడి పెట్టక చన్నీటి తడిగుడ్డ వేయవలెను.

నొప్పి రాకుండ చేసికొనుట అంతకంటె తెలివి. ఏతము త్రొక్కిన పెద్దలకు మ్రాను పొడవును బట్టి బరువు తోచునని తెలియును. మన వెన్నెముకయు అట్టిదే. నడుము వంచి, చేతులు చాచి బస్తా నెత్తినచో దాని బరువు వెన్నుపై పెక్కురెట్లగును. మోకాళ్ళు వంచి, బరువును రొమ్మునకు చేర్చుకొని, తొడల బలముతో లేచినచో వెన్నునకు శ్రమ తక్కువ. బరువెత్తి నిలుచుండి నడుము మెలితిప్పరాదు, పాదములతోనే తిరుగవలెను. కావడి మోయువాడు రెండు ప్రక్కల సమముగా తూచుకొనుటలోని సూక్ష్మ మిదియే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో వయస్సు వచ్చిన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. మన ధాన్యపు బస్తా 75, 80 కిలోలు తూగును. ఒక బస్తాను రెండు చేసినచో గోనెసంచుల ఖర్చు కొంత పెరుగును గాని, ఒక నడుము విలువ రెండు గోనెలకంటె తక్కువ కాదు.

ఉభాలు వేయు సోదరీమణులు అరగంటకొకసారి లేచి నిలిచి, చేతులు నడుముపై నుంచి, మెల్లగా వెనుకకు అయిదారుసార్లు వంగవలెను. ఇందుకు పట్టు కాలము అర నిమిషమే. పనివారు ఒకరికొకరు దీనిని గుర్తుచేసికొనవలెను. యజమాని దీనిని సోమరితనముగా తలపరాదు.

నడుమునొప్పితో కాలు పడిపోవుట, తొడల నడుమ స్పర్శ తెలియకుండుట, మూత్రము బిగియుట లేక తెలియకుండ పోవుట, జ్వరము, కారణము లేక చిక్కిపోవుట, ఎత్తునుండి పడిన దెబ్బ, వీనిలో ఏది యున్నను కాపడములతో కాలహరణము చేయక ఆసుపత్రికి పోవలెను.

మోకాళ్ళు

నలుబది యేబది యేండ్లు దాటినవారికి మోకాటికీలు అరుగుట సహజము. అరిగిన కీలును మరల పెంచు బిళ్ళ లేదు. కాని కీలుమీది బరువును మోయుటకు తొడ కండరమును బలపరుపవచ్చును. బల్లమీద గాని అరుగుమీద గాని కూర్చుండి, ఒక కాలిని నిటారుగా చాచి, అయిదు లెక్కించువరకు నిలిపి దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిసార్లు చొప్పున ఉదయము సాయంకాలము చేయుడు. కొన్ని వారములు విడువక చేసినచో ఫలము కనబడును. గొంతుక కూర్చుండి చేయు కలుపుతీత మొదలగు పనులకు చిన్నపీట వాడుట, నిలుచుండి త్రోయు కలుపుయంత్రమును వాడుట మోకాళ్ళకు మేలు. కీలు ఎఱ్ఱబారి, వేడిగా వాచి, జ్వరము కూడ నున్నచో అది అరుగుదల కాదు. ఆ దినముననే వైద్యునకు చూపవలెను.

ఒడలంతయు నొప్పులు, నీరసము, మెట్టెక్కినంతనే ఆయాసము గల స్త్రీలు తమకు రక్తము తక్కువగా నున్నదేమో పరీక్ష చేయించుకొనవలెను. ఆ నొప్పికి మందు నొప్పిబిళ్ళ కాదు, ఇనుము బిళ్ళ. అది ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగా దొరకును. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, చోళ్ళు తినవలెను. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు మించిన సున్నము గలదు. మన తాతలు త్రాగిన చోడి అంబలి ఎముకలకు పుష్టి నిచ్చునదని నేటి శాస్త్రము గూడ నొప్పుకొనుచున్నది.

నీరు, నీడ, విశ్రాంతి

ఎండలో పని చేయునప్పుడు పిక్కలు పట్టుట, కడుపులో కండరములు ముడిపడుట, తల తిరుగుట శరీరములోని నీరును, ఉప్పును తగ్గినదనుటకు గుర్తులు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశములలో చెరకు కోయు యువకులు గత శతాబ్దపు చివరి దశాబ్దములనుండి మూత్రపిండముల వ్యాధితో వేలకొలది మరణించిరి. సింహళమున ఉత్తర మధ్యరాష్ట్రపు వరి రైతులలోను ఇట్టి వ్యాధియే యున్నది. మండుటెండలో విరామము లేని శ్రమ, మాటిమాటికి నీరు తగ్గుట అమెరికాలోని వ్యాధికి ముఖ్యకారణములలో నున్నవని పెక్కుమంది వైద్యులు తలచుచున్నారు. అచ్చట కొన్ని చెరకుతోటలలో పనివారివెంట నీడపందిళ్ళు తరలించుచు, త్రాగునీరు అందించుచు, నియమితకాలమునకు విశ్రాంతి నిచ్చుట ఆరంభించిరి. మూత్రపిండములకు కలుగు హాని తగ్గినట్లు గమనించిరి. ఆ యేర్పాటునకు వారు పెట్టిన పేరు మూడు మాటలు: నీరు, నీడ, విశ్రాంతి.

మనకును ఇదియే మంత్రము. వేసవిలో తెల్లవారుజామున పని మొదలుపెట్టి, ఎండ ముదురకమునుపే మానవలెను. దాహమగువరకు వేచియుండక ఇరువది నిమిషములకొక గ్లాసు నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి మంచివి. సారాయును, కల్లును దాహమునకు మందు కావు. మూత్రము లేతగడ్డి రంగున నున్నచో నీరు చాలినది. ముదురు పసుపుగా కొంచెము కొంచెముగా వచ్చుచున్నచో చాలలేదు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి వైద్యులు నీటికి పరిమితి విధించియుందురు. వారు ఆ పరిమితినే పాటింపవలెను.

విరేచనములు పట్టినప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపిన నీరే ముఖ్యమైన మందు. పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో చదునుగా కొలిచిన 6 చిన్న చెంచాల పంచదారయు, అర చిన్న చెంచా ఉప్పును కలుపవలెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున సరిహద్దునందలి బనగాఁవ్ శరణార్థులలో కలరా చెలరేగినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి నీటినే పీపాలతో పంచి, 100కి 30 వరకు నున్న మరణములను 4కు లోపునకు దింపెను.

ఎండదెబ్బ తగిలి ఒడలు కాలిపోవుచు, మాట తడబడి, తెలివి తప్పుచున్నచో నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒడలంతయు తడిపి విసరుచు, 108కి కబురు చేయవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు.

తలనొప్పి

ఎండవలన, ఆకలివలన, నిద్రలేమివలన వచ్చు తలనొప్పి నీరు త్రాగి, అన్నము తిని, నిద్రించినచో పోవును. పురుగుమందు చల్లిన దినమున తలనొప్పితో వాంతి, అధికమైన చెమట, నోట చొంగ, చూపు మసకబారుట, కండరములదురుట కనబడినచో అది తలనొప్పి కాదు, విషము. ఆ మనుష్యుని పొలమునుండి తొలగించి, బట్టలు విప్పించి, ఒడలు సబ్బుతో కడిగి, మందు డబ్బాను గాని దాని చీటీని గాని వెంటబెట్టుకొని ఆసుపత్రికి చేర్పవలెను. ఏ మందో తెలిసినచో వైద్యునకు విరుగుడిచ్చుట సులభము. గాలికి ఎదురుగా మందు చల్లరాదు. చేతితొడుగులు, నిండుచేతుల చొక్కా, ముఖమునకు తొడుగు ఉండవలెను.

అకస్మాత్తుగా పిడుగుపడినట్లు వచ్చు తలనొప్పి, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు చచ్చుబడుట పక్షవాతపు గుర్తులు. గడియ యైనను ఆలస్యము చేయరాదు.

జ్వరముతో వచ్చు నొప్పులు

జ్వరముతో కీళ్ళు, కండరములు నొచ్చినప్పుడు నొప్పిబిళ్ళ మిక్కిలి ప్రమాదకరము. డెంగీ జ్వరమున ఈ బిళ్ళలును, ఆస్పిరినును రక్తస్రావమును హెచ్చించును. అందు పారాసిటమాల్ ఒక్కటే వాడదగినది. ఎలుకల మూత్రము కలసిన మడినీటిలో పుండ్లున్న కాళ్ళతో దిగువారికి ఎలుకజ్వరము సోకును. అందు పిక్కలు విపరీతముగా నొచ్చును, కన్నులు ఎఱ్ఱబారును, ఒకప్పుడు కామెర్లు తోచును. పొదలలోని సూక్ష్మమైన నల్లులవంటి పురుగులు కుట్టుటవలన స్క్రబ్ టైఫస్ వచ్చును. కుట్టినచోట నల్లని పక్కు కనబడును. మన కొండదిగువ గ్రామములలో మలేరియా సంగతి అందరెరిగినదే. ఈ జ్వరములను తొలినాళ్ళలో కనుగొని తగిన మందు వాడినచో చాలవరకు ముప్పు తప్పును. కావున జ్వరము రెండు దినములు దాటినచో రక్తపరీక్ష చేయించుకొనవలెను.

"గ్యాసు" అనుకొను నొప్పి

రొమ్ములో బరువెక్కి పిండినట్లు నొచ్చి, ఆ నొప్పి ఎడమచేతికి గాని, దవడకు గాని, వెన్నునకు గాని ప్రాకుచు, చెమటపోయుచున్నచో దానిని గ్యాసు అని సోడా త్రాగి పడుకొనరాదు. గుండెపోటులో ప్రతి గడియయు విలువైనదే. చక్కెరవ్యాధి గలవారికిని, స్త్రీలకును నొప్పి స్పష్టముగా లేక ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే యుండవచ్చును. 108 బండిని పిలిచి ఆసుపత్రికి పోయి గుండెపరీక్ష చేయించుకొనుడు. అది గ్యాసే యని తేలినచో నవ్వుకొనుచు ఇంటికి రావచ్చును.

నొప్పి పెట్టని రోగములు

నొప్పి యున్నదెల్ల ప్రమాదము కానట్లే, నొప్పి లేనిదెల్ల క్షేమమును కాదు. రక్తపుపోటు నొప్పి పెట్టదు. చక్కెరవ్యాధి నొప్పి పెట్టదు. మూత్రపిండము చెడునప్పుడు నొప్పి పెట్టదు. మన తీరపుజిల్లాలలో చుట్ట నిప్పువైపును నోటిలోనికి పెట్టుకొని పీల్చు అడ్డపొగ యలవాటు స్త్రీలలో తరతరములుగా నున్నది. దానివలన అంగిలికి పుట్టకురుపు వచ్చుచున్నదని చాలకాలమునుండి వైద్యులు వ్రాయుచున్నారు. ఆ పుండు మొదట నొప్పి పెట్టదు. నోటిలోని పుండు గాని, తెల్లని మచ్చ గాని మూడు వారములలో మానకున్నచో నొప్పి లేకున్నను చూపించుకొనవలెను.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతునకు వేరువేరుగా కష్టమైన పని సంఘమునకు సులభమగుట మన మెరిగినదే. ఎరువులు, విత్తనములు తెప్పించునట్లే సంఘము తన గిడ్డంగిలో ఓ.ఆర్.ఎస్. పొట్లములను ఉంచవచ్చును. కోతల కాలమున పొలములకు తరలించుటకు నీడపట్టా, నీటిడ్రమ్ము అద్దెకిచ్చవచ్చును. నాట్లయంత్రము, కలుపుయంత్రము, బస్తాల త్రోపుడుబండి వంతుల ప్రకారము వాడుకొనవచ్చును. తూకపు బస్తాను తగ్గించు తీర్మానము సంఘమే చేయవలెను. ఒక్కరు చేసినచో చెల్లదు. ఏటేట మహాజనసభ జరుగు దినమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులను ఆహ్వానించి, వచ్చిన సభ్యులందరికిని రక్తపుపోటు, చక్కెర పరీక్షలును, నలుబదియేండ్లు దాటినవారికి మూత్రపిండముల స్థితిని తెలుపు క్రియాటినిన్ పరీక్షయు చేయింపవచ్చును. లెక్కల పరిశీలన ఏటేట తప్పనిసరి యైనట్లే ఒడలి పరిశీలనయు తప్పనిసరి కావలెను.

సోదరులారా! నేడు మీ యింటిలోని మందులపెట్టెను దింపి చూడుడు. అందున్న నొప్పిబిళ్ళ లెన్ని, అవి యెవరికొరకు, ఎన్నాళ్ళనుండి, ఎవరు చెప్పగా వాడుచున్నారో విచారింపుడు. ఇంటిలో నెవరైనను నెలలతరబడి వానిపైననే నెట్టుకొని వచ్చుచున్నచో, ఈ వారముననే ఆ అట్టతో సహా వారిని వైద్యుని యొద్దకు కొనిపొండు. నేల మనదైనంతకాలము పంట మరల పండింపవచ్చును. ఆ నేలను దున్ను ఒడలు ఒక్కటే యున్నది.